అంచులు కలిసే వారం

ఫిబ్రవరి 26

కామాల సారు ఇవాళ కొత్త పని నెత్తిన పెట్టాడు. ఎడిటరన్న పేరే గానీ ఆయన చేసేదంతా నా బొమ్మల కింద రాతల్లో కామాలు పెట్టడమే. పదకొండో తరగతి జీవశాస్త్రానికి ఆరు బొమ్మలు కావాలట. పిండంలో నాడీమండలం ఎలా మొదలవుతుందన్న పాఠం. పాత బొమ్మలు చూసి ఎవరో టీచరమ్మ అడిగిందట, ఇవి పిండాలా, చెప్పుల షాపు బోర్డా అని. నిజానికి ఆ దశలో అది చెప్పు అట్టలాగే ఉంటుంది. ఆవిడకి ఆ మాట ఎవరు చెప్తారు.

పాఠం రెండుసార్లు చదివాను. మూడో వారంలో పిండం అంటే మూడు పొరల బిళ్ళ. పై పొర మధ్యలో ఒక పట్టీ దళసరి అవుతుంది. ఆ పట్టీ నడుమ గాడి పడుతుంది. గాడికి రెండు పక్కలా అంచులు లేస్తాయి, ఒకదాని వైపు ఒకటి వంగుతాయి, కలుస్తాయి. గొట్టం తయారు. ముందు మెడ దగ్గర కలిసి, అక్కణ్ణించి అటు తల వైపు, ఇటు నడుం వైపు మూసుకుంటూ పోతుంది. ఆ గొట్టమే మెదడు, ఆ గొట్టమే వెన్నుపాము. మిగిలిన పై పొర చర్మం. అంటే మెదడూ చర్మమూ అన్నదమ్ములే. అందుకే రెండిటికీ నీలం రంగే వెయ్యాలి.

ఇంకో తిరకాసు ఉంది. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి నుంచి. పుస్తకం లెక్కపెట్టేది పిండం ఏర్పడ్డప్పటి నుంచి. డాక్టరు లెక్కలోంచి రెండు తీసేస్తే పుస్తకం లెక్క. పాత పుస్తకంలో పాఠంలో ఒక లెక్క, బొమ్మ కింద ఇంకో లెక్క పడి పిల్లల పరీక్షలు తగలడ్డాయి. ఈసారి నా చేతిలో ఆ తప్పు జరగదు.

మార్చి 2

మూడో బొమ్మ ఇంటికి తెచ్చుకుని వేస్తుంటే మా పిట్ట వెనక నుంచి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది. పెళ్ళయి ఆరేళ్ళు, నేను తనని అసలు పేరు పెట్టి పిలిచింది ఆఫీసు కాగితాల్లోనే.

"ఇది మా క్రీం రోల్ కదా," అంది.

"కాదు, నీ మెదడు."

"నా మెదడు క్రీం రోలేనని నువ్వెప్పుడో తేల్చేశావుగా," అంది. తర్వాత, లేచిన అంచుల మీద వేలు పెట్టి, "ఇక్కడ కాస్త తడి చేసి నొక్కాలి. లేకపోతే ఓవెన్లో విచ్చుకుని లోపలి సరుకంతా బయటికొస్తుంది," అంది.

బేకరీలో కేకుల మీద పూలు వేసే చెయ్యి. తనకి తెలిసినట్టు నాకేం తెలుసు.

ఈస్టు వాసన నాలుగు రోజులుగా పడటం లేదట. బేకరీలో పనిచేసే మనిషికి ఈస్టు పడకపోతే చేపకి నీళ్ళు పడనట్టే అన్నాను. నవ్వలేదు.

మార్చి 5

రెండు గీతలు వచ్చాయి.

మాకు పిల్లలు పుట్టరని ఒక డాక్టరాయన తేల్చి చెప్పి మూడేళ్ళయింది. ఆయన మొహాన కొట్టాలి ఆ గీతల్ని.

తను బాత్రూం గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నేనూ కూర్చున్నాను. ఇద్దరికీ గుమ్మం చాల్లేదు.

మార్చి 6

రాత్రంతా కళ్ళు మూసుకుంటే ఆ పాఠంలో చివరి పేరానే కనపడింది. అంచులు ఎక్కడైనా కలవకపోతే ఏమవుతుందో అందులో ఉంది. తల వైపు కలవకపోతే బిడ్డ బతకదు. నడుం వైపు కలవకపోతే వెన్ను తెరుచుకునే పుడుతుంది. కారణాల్లో, తల్లి వాడే కొన్ని రకాల ఫిట్స్ మందులు, అని ఒక్క ముక్క. కామాల సారు ఆ ముక్కకి రెండు కామాలు పెట్టాడు.

పిట్టకి పన్నెండో ఏట నుంచి ఫిట్స్. పొద్దున రెండు, రాత్రి రెండు మాత్రలు. వాటి పుణ్యమా అని మూడేళ్ళుగా ఒక్కటి కూడా రాలేదు. తను మర్చిపోతుందని వారానికి సరిపడా గదుల డబ్బాలో ప్రతి ఆదివారం నేనే నింపి పెడతాను. తను కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంటుంది. నిజంగానే కళ్ళు మూసుకుంటుంది, చిన్నపిల్లలా.

మాత్ర పేరు చూశాను. ఆ రకమే.

అందరికీ అలా జరగదని కూడా రాసి ఉంది. వందలో ఏ ఒకరికో ఇద్దరికో అని. ఆ ఒకళ్ళూ ఇద్దరూ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారుగా.

మార్చి 7

ప్రెస్సులో ప్రూఫులు ఉండి నేను వెళ్ళలేకపోయాను. పిట్టే వాళ్ళమ్మని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చింది. వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, "ఐదు వారాలట. గుండె కొట్టుకోవడం చూపించింది, మిణుకు మిణుకుమని," అంది.

గుండె ఐదో వారంలో అప్పుడే కనిపిస్తుందా అని ఒక్క క్షణం అనిపించింది. పుస్తకం చూశాను. పుస్తకం లెక్కలో మూడో వారం చివర్లోనే గుండె మొదలవుతుందని ఉంది. సరే, సరిపోయింది. మంచి మిషన్ అయి ఉంటుంది.

మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దందట. ఆపితే ఫిట్స్ వస్తాయి, అది ఇద్దరికీ ప్రమాదం అందట. పద్దెనిమిదిన ఫిట్స్ డాక్టరు చూస్తాడు, ఆయనే నెమ్మదిగా మందు మారుస్తాడు, అందాకా ఈ విటమిన్ వేసుకోమంది.

పద్దెనిమిది. ఆవిడకేం, తాపీగా చెప్పింది.

గింజ అని పేరు పెట్టింది పిట్ట. పెసరగింజంత ఉందట.

మార్చి 8, ఆదివారం

ఐదులోంచి రెండు తీస్తే మూడు. మూడో వారం. అంటే ఇప్పుడు అది నా మొదటి బొమ్మ. ఇంకా పట్టీ. గాడి ఇప్పుడిప్పుడే పడుతూ ఉంటుంది. అంచులు కలవడానికి ఇంకా వారం పది రోజులు ఉంది. పద్దెనిమిదికి ఆ పనంతా అయిపోతుంది, ఫిట్స్ డాక్టరు వచ్చి గోడకి కొట్టిన మేకుని చూసి వెళ్తాడు.

తన నెలలు ఎప్పుడూ సరిగా రావు గనక ఇంకెవరికీ ఈ లెక్క అందదు. లెక్క తెలిసిన వాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాత్ర వేసుకుంటే గింజ వెన్ను. మానేస్తే పిట్ట తల. మూడేళ్ళుగా రాని ఫిట్స్ పదిరోజుల్లో ఎందుకొస్తాయి. రావు.

కొత్త విటమిన్ కూడా తెల్లగా, గుండ్రంగా, అదే సైజులో ఉంది.

డబ్బా నింపాను. ఎప్పుడూ నేనే నింపుతాను.

మార్చి 9

రాత్రి మాత్రలు మింగింది. నీళ్ళు తాగింది. ఈ పూట చేదు తక్కువగా ఉన్నాయేంటో అంది. ఏమీ కాలేదు.

మార్చి 10

నేను ఆపలేదు. అది నాకు నేను స్పష్టంగా చెప్పుకోవాలి. పగటివి అలాగే ఉన్నాయి. రాత్రివి తగ్గించాను, అంతే. డాక్టరైనా చేసేది అదేగా, తగ్గించడమేగా. ఆయన పద్దెనిమిదిన చేస్తాడు, నేను ఎనిమిదిన చేశాను.

తనకి చెబుదామనే ఉంది. కానీ భయపడుతుంది. కడుపుతో ఉన్న మనిషిని భయపెట్టకూడదు. ఆ భయమేదో నేనే పడతాను.

మార్చి 12

నాలుగో బొమ్మ. మెడ దగ్గర అంచులు కలిశాయి, రెండు చివరలా ఇంకా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వేస్తుంటే నీలం, మధ్య పొర ఎరుపులోకి పాకింది. మళ్ళీ వేశాను. మళ్ళీ పాకింది. ప్రెస్సులో పక్క టేబుల్ అతను, ఏంటి గురువు గారూ, బొమ్మకి జ్వరం వచ్చిందా అన్నాడు.

పొద్దున టీ తాగుతుంటే పిట్ట చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడింది. టీ ఒలికింది. "ఎవరో లాగినట్టయింది," అంది.

కప్పు జారింది. కప్పు చెవి నూనెగా ఉంది. నేనే కడిగాను.

మార్చి 13

అత్తయ్య వచ్చింది. పక్క వీధే కాబట్టి రోజూ ఏదో వంకన వస్తుంది. మగపిల్లాడైతే ఏం పేరు, ఆడపిల్లైతే ఏం పేరు అని మొదలుపెట్టింది. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గానీ, మనకి ఆలూ ఉంది చూలూ ఉంది, పేరు పెట్టుకుంటే తప్పేంటి," అని తనే అని తనే నవ్వింది.

తర్వాత నా వైపు చూసి, "ఏం అల్లుడూ, కడుపు దానికొస్తే వేవిళ్ళు నీకొచ్చినట్టున్నాయి. మొహం పీక్కుపోయింది. అంత భయమెందుకయ్యా, మేమంతా కనలేదా," అంది.

ఇద్దరూ నవ్వారు. నేను వాళ్ళకంటే గట్టిగా నవ్వాను. పిట్ట నా వైపు చూసింది.

మార్చి 15, ఆదివారం

ఇది అసలు వారం. అంచులు కలిసే వారం. ఈ ఒక్క వారం గట్టెక్కితే మొత్తం నాలుగు మాత్రలూ మళ్ళీ పెట్టేస్తాను, ఎవరికీ తెలిసే పని లేదు.

పొద్దున లేచి అద్దం ముందు నాలుక బయట పెట్టి చూసుకుంటోంది. పక్కన కొరుక్కున్నట్టు నల్లగా కమిలింది. "నిద్రలో కొరుక్కున్నానేమో. ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టుంది," అంది.

నిద్రలో పళ్ళు నూరి ఉంటుంది. చాలామంది నూరతారు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఒళ్ళు నొప్పులు మామూలే, అత్తయ్య కూడా అంది.

నేను నిద్రపోయాను కదా. నాకేమీ వినపడలేదు. వినపడి ఉంటే లేచేవాణ్ణే.

డబ్బా నింపాను. పగటి వాటిలో కూడా ఒకటి తీశాను. ఈ ఒక్క వారమే.

మార్చి 17

బేకరీ నుంచి ఫోన్.

మార్చి 19

రాయాలి. రాయకపోతే తల పగిలేట్టుంది.

పిట్ట ఓవెన్లోంచి ట్రే బయటికి లాగుతోందట. లాగుతూ లాగుతూ ఆగిపోయిందట. "పిలిస్తే పలకలేదండీ, కళ్ళు ఎటో ఉన్నాయి," అంది బేకరీ ఓనరమ్మ. ఇంతలో పడింది. పడుతూ పడుతూ కుడి చెయ్యి తెరిచి ఉన్న ఓవెన్ తలుపు మీద వాలింది. ఒళ్ళంతా కొట్టుకుంటుంటే చెయ్యి అక్కడే ఉండిపోయింది. వాళ్ళకి లాగడానికి భయమేసింది. ఎంతసేపో నేను అడగలేదు. ఓనరమ్మ చెప్పబోతుంటే ఆపేశాను.

కేకుల మీద పూలు వేసే చెయ్యి. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా.

గింజ గుండె కొట్టుకుంటూనే ఉంది. మిణుకు మిణుకు.

అత్తయ్య మంచం పక్కన కూర్చుని, "ముందే జాగ్రత్తగా ఉండాలి గానీ చేతులు కాలాక," అని మొదలుపెట్టి ఆ కట్టు చూసి నోరు నొక్కుకుంది. తర్వాత వరండాలోకి వెళ్ళి ఏడ్చింది.

మార్చి 20

రక్తం రిపోర్టు వచ్చింది. ఒంట్లో మందు ఉండాల్సినదానిలో సగం కూడా లేదట.

డాక్టరమ్మ పిట్టని నిలదీసింది. "మాత్రలు మానేశావు కదూ. నిజం చెప్పు. ఎక్కడో చదివి భయపడి మానేసేవాళ్ళు నాకు నెలకి ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఆపొద్దని లక్షసార్లు చెప్పాను."

"లేదండీ. ఒక్క పూట కూడా మానలేదు. ఆయన్నడగండి, ఆయనే పెడతారు."

డాక్టరమ్మ నా వైపు చూసింది.

"డబ్బా ఖాళీ అవుతూనే ఉందండీ," అన్నాను.

అది అబద్ధం కాదు.

డాక్టరమ్మ వెళ్ళిపోతుంటే వరండాలో వెంటపడ్డాను. నాకు వేరే భయం ఉంది, అది అడగాలి. "మేడం, ఇంతకీ గొట్టం మూసుకునే వారంలోనే ఇలా అయింది. వెన్నుకేమన్నా..." అన్నాను.

"ఏ గొట్టం? ఏ వారం?"

"మూడో వారం కదండీ అప్పుడు. మీ లెక్కలో ఐదంటే..."

ఆవిడ నడక ఆపింది. "ఐదేంటండీ మా లెక్కలో? మా లెక్కలో ఏడు. మీ ఆవిడే అడిగింది, మా ఆయన పుస్తకాలకి బొమ్మలు వేస్తారు, ఆయన వేరే లెక్క అడుగుతారు, ఆ లెక్కలో చెప్పండి అని. ఐదని చెప్పాను. పిండం వయసు ఐదు వారాలు. మీరు చెప్పే ఆ గొట్టం మూసుకుంటే నా దగ్గరికి వచ్చే ముందే మూసుకుని ఉంటుంది. మూసుకోకపోతే అప్పటికే మూసుకోలేదు. ఆ తర్వాత మాత్రలు వేసుకున్నా మానినా ఆ గొట్టం విషయంలో తేడా ఏమీ లేదు."

తర్వాత ఇంకా ఏదో చెప్పింది, ఐదో నెల స్కానింగులో వెన్ను కనిపిస్తుంది, అప్పటిదాకా ఎవరం ఏమీ చెప్పలేం అని. నేను గోడ పట్టుకుని తల ఊపాను.

ఐదులోంచి రెండు తీశాను. రెండు ముందే తీసేసిన ఐదులోంచి. నా కోసం తీయించుకొచ్చిన ఐదులోంచి.

మార్చి 21

ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం లాభం. జరిగింది జరిగిపోయింది, మందు మళ్ళీ మొదలైంది, ఫిట్స్ డాక్టరు వార్డుకే వచ్చి చూశాడు. మారుస్తాడు. ఇప్పుడు చెబితే తను కంగారు పడుతుంది. గింజకి మంచిది కాదు.

మార్చి 22, ఆదివారం

ఇంటికి తీసుకొచ్చాం. అత్తయ్య మా ఇంట్లోనే ఉంటోంది.

తల్లి కదా, బాధలో నోరు ఊరుకోదు. కూతురికి అన్నం తినిపిస్తూనే తిడుతోంది. "బిడ్డ మీద ప్రేమ ఉంటే మాత్రలు మింగేదానివి. పాపం ఆ పిల్లాడు వారం వారం కూర్చుని డబ్బాలో సర్దిపెడితే ఎక్కడ పారేశావే." పిల్లాడంటే నేను. నలభై దగ్గర పడుతున్న నన్ను పిల్లాణ్ణి చేసి వెనకేసుకొస్తోంది.

గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటూ వంటింట్లోకి పోయాను. గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

పిట్ట ఎదురు చెప్పడం మానేసింది. పొద్దున మాత్రం నన్ను అడిగింది, "నేను మింగానుగా? నువ్వు చూశావుగా?"

"చూశాను," అన్నాను.

"మరి ఒంట్లో లేదంటున్నారు. మింగినట్టు నాకు గుర్తుంది. మింగకుండానే మింగినట్టు గుర్తుండటం కూడా ఫిట్స్ లో భాగమేమో. ఇన్నాళ్ళూ ఇంకెన్ని ఇలా అనుకున్నానో."

కట్టు మార్చాలి, గుడ్డ తెస్తానని లేచాను.

మార్చి 23

ఇవాళ చెప్పాలి.

చెప్పలేదు.

మార్చి 24

సాయంత్రం మాత్రల వేళకి పిట్ట డబ్బా నా చేతికిచ్చింది. "ఇక నువ్వే నా నోట్లో వెయ్యి. నా మీద నాకు నమ్మకం పోయింది. వేశాక నోరు తెరిచి చూపిస్తాను, నాలుక కింద కూడా చూడు. మళ్ళీ ఏమన్నా అయితే గింజ ఉండదు," అంది. అని నోరు తెరిచింది. కళ్ళు మూసుకుంది.

వెయ్యలేకపోయాను. మాత్రలు చేతిలో తడిసి తెల్లగా అంటుకున్నాయి.

"నేను తీశాను," అన్నాను.

"ఏం తీశావు?"

"మాత్రలు. రాత్రివి. తర్వాత పగటివి ఒకటి. బదులుగా విటమిన్ పెట్టాను."

కళ్ళు తెరిచింది. నోరు ఇంకా తెరిచే ఉంది. మూయడం మర్చిపోయింది.

అంతా చెప్పాను. గాడి, అంచులు, మందు, మూడో వారం, నా లెక్క, డాక్టరమ్మ లెక్క. చెబుతుంటే నాకే తెలుస్తోంది, ప్రెస్సులో బొమ్మ గురించి చెప్పినట్టే చెబుతున్నాను.

"నన్ను అడగొచ్చుగా," అంది చివరికి.

"అడిగితే వద్దనేదానివి."

"అందుకే అడగాలి."

కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాన్నే చూసింది. "చెయ్యి పోతే పోయింది. లెక్క తప్పడం కూడా సరే, ఎవరైనా తప్పుతారు. ఈ నాలుగు రోజులు? అమ్మ తిడుతుంటే వంటింట్లో గిన్నెలు తోముతున్నావు. నాకు పిచ్చెక్కుతోందేమో అనుకున్నాను. నా తల నాదేనా అని అనుమానమొచ్చి, పడుకోవడానికి భయపడ్డాను. నీకు తెలుసు. తెలిసే, మింగడం చూశానన్నావు."

నేను ఏదో అన్నాను. భయపడ్డాను అన్నాననుకుంటాను.

"అమ్మని పిలవండి," అంది.

పిలవండి అంది. పెళ్ళికి ముందు, కొత్తలో కూడా నన్ను ఎప్పుడూ మీరు అనలేదు.

మార్చి 25

పిట్టా అత్తయ్యా వాళ్ళింటికి వెళ్ళిపోయారు. అత్తయ్య తిడుతుందని ఎదురుచూశాను. గుమ్మంలో ఆగి, ఆ డబ్బా ఎక్కడుందని అడిగి, తీసుకుని, చెత్తబుట్టలో పారేసి వెళ్ళింది.

ఏప్రిల్ 3

ఆరు బొమ్మలూ ఇచ్చేశాను. కామాల సారు కళ్ళద్దాలు పైకెత్తి చూసి, నీ జన్మలో ఇంత బాగా వెయ్యలేదోయ్ అన్నాడు. ఆరో బొమ్మలో గొట్టం మొత్తం మూసుకుని ఉంటుంది. వేసేది నేను కనుక దాన్ని మూసేశాను. కాగితం మీద ఎవరైనా మూస్తారు.

ఏప్రిల్ 19

స్కానింగు దాకా ఏమీ తెలీదు. రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు వాళ్ళ వీధి మీదుగా వెళ్తున్నాను. కిటికీ తెరిచి ఉంటే బాగానే ఉన్నట్టు. మూసి ఉంటే ఆ రోజు పని సాగదు.

మే 8

అత్తయ్య బజార్లో ఎదురైంది. తప్పుకుని పోబోయి ఆగింది. "కదులుతోందట," అంది. అంతే, వెళ్ళిపోయింది.

కదిలితే కాళ్ళు పనిచేస్తున్నట్టేనా. పుస్తకంలో వెతికాను. ఈ నెలల్లో కదలడానికీ, పుట్టాక నడవడానికీ సంబంధం లేదట. వెతక్కుండా ఉండాల్సింది.

మే 30

చెయ్యి మానిందట. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవట. పూలు వేసే క్రీం సంచీ పట్టుకోలేకపోతోందట. ఓనరమ్మ కౌంటర్లో కూర్చోమందట. ఇదంతా ఓనరమ్మే చెప్పింది. బ్రెడ్డు కొనే వంకతో వెళ్ళాను.

కలలో అంచులు కలవడం లేదు. ప్రతిసారీ నేను వేలితో తడి చేసి నొక్కుతున్నాను, విచ్చుకుంటున్నాయి.

జూన్ 5

రమ్మని పిట్ట అత్తయ్య చేత కబురు పంపింది. బయట మాత్రమే కూర్చోవాలి అని కూడా పంపింది.

స్కానింగు గది బయట బెంచీ. పిట్ట కడుపు తెలుస్తోంది ఇప్పుడు. లేత రంగు పొడుగు చేతుల జాకెట్టు, ఈ ఎండలో కూడా. "మీరు ఇక్కడే ఉండండి," అని వాళ్ళమ్మతో లోపలికి వెళ్ళింది.

కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడితే నర్సు వెనక్కి పంపింది. నాకు లోపల ఏం జరుగుతోందో తెలుసు, అదే నా ఖర్మ. తల నుంచి మొదలుపెడతారు. పుర్రె గుండ్రంగా ఉందా, నుదుటి దగ్గర రెండు పక్కలా నొక్కుకుపోయిందా చూస్తారు. తర్వాత మెడ, వీపు, నడుం. ఒక్కో ఎముకా, రైలు పట్టాల్లా రెండు వరసలు. ఎక్కడైనా ఆ వరసలు ఎడంగా జరిగితే అక్కడ తెరుచుకున్నట్టు. ఎక్కువసేపు చూస్తున్నారంటే ఏదో కనిపించినట్టు. చాలాసేపు చూశారు. మా తర్వాత వచ్చినవాళ్ళు కూడా పక్క గదిలో చూపించుకుని వెళ్ళిపోయారు. దేవుడా, ఆ కాళ్ళ బదులు నా కాళ్ళు తీసుకో అనుకున్నాను. ఇలాంటివి అనుకునే మనిషిని కాను.

తలుపు తెరుచుకుంది. ముందు అత్తయ్య. ఏడ్చిన కళ్ళు.

పిట్ట నా ముందుకొచ్చి నిలబడింది. "మొత్తం మూసుకునే ఉంది," అంది. "తల దగ్గర, నడుం దగ్గర. మూడుసార్లు చూపించమన్నాను, చూపించింది. ఏ లోపమూ లేదంది."

నేను బెంచీ మీద పడి ఏడ్చాను. జనం చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను.

"మీకు ఇంకొకటి చెబుదామని రమ్మన్నాను," అంది. తను ఏడవడం లేదు. "అది మూసుకున్న రోజుల్లో నేను నాలుగు మాత్రలూ మింగాను. ఒక్క పూట తప్పకుండా. మీరు ఇంకా ఏమీ తియ్యని రోజులవి."

అవునన్నాను. అవును, అవును అని ఎన్నిసార్లో అన్నాను.

అత్తయ్య వైపు తిరిగి, గొంతెండిపోతోందమ్మా అంది. నేను పరిగెత్తాను. వరండా చివర నీళ్ళ ఫిల్టరు ఉంది. గ్లాసు రెండుసార్లు కడిగి, నింపి, ఒలక్కుండా తెచ్చి ఇచ్చాను. ఎడం చేత్తో అందుకుంది. పెదాల దాకా ఎత్తింది.

అక్కడ ఆగింది. గ్లాసులోకి చూసింది. కిటికీ వైపు తిప్పి వెలుతుర్లో చూసింది. మొహంలో కోపం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మూడు నెలలు భయపడ్డవాణ్ణి, భయమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తను నన్ను చూసి భయపడుతోంది.

గ్లాసు బెంచీ మీద పెట్టేసింది. మెల్లగా వరండా చివరిదాకా నడిచి వెళ్ళి, వేళ్ళు సరిగా ముడవని ఆ చేత్తోనే కుళాయి తిప్పి, వేరే గ్లాసులో పట్టుకుని తాగింది. తర్వాత ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను తెచ్చిన గ్లాసు నేనే తాగాను. మామూలు నీళ్ళే.